పంచనామాలో ఎవరి పేరు?

(అమీర్‌పేటలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోలీసులు స్వాధీనం చేసుకున్న సొత్తు గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకుల్లో ఒకరు "ఇది స్త్రీల సమస్యేనా?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. పోలీసుస్టేషన్ అనగానే మనకు లాకప్పు గుర్తుకొస్తుంది, కౌన్సెలింగ్ పేరుతో జరిగే రాజీలు గుర్తుకొస్తాయి, తీసుకోని ఫిర్యాదులు గుర్తుకొస్తాయి. స్టేషన్లో మాల్‌ఖానా అనే గది ఒకటి వుంటుందనీ, అందులో సీలు వేసిన మూటల్లో స్త్రీల గాజులూ గొలుసులూ చిట్టీ డబ్బూ వుంటాయనీ గుర్తుకు రాదు. ఆ మూటలు అక్కడి నుంచి ఎటు పోతాయి, తిరిగొస్తే ఎవరి చేతికొస్తాయి అన్నదే ఈరోజు నా విషయం.

మనం కూర్చున్న ఈ అమీర్‌పేట, అటు పంజాగుట్ట, నగదూ బంగారమూ స్త్రీల చేతుల మీదుగా తిరిగే ప్రాంతం. మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు, వెనక సందుల్లో ఆడపిల్లల హాస్టళ్లు, ఆ పిల్లలకు వండిపెట్టే మెస్సులు, కర్రీ పాయింట్లు. పంజాగుట్ట వైపు చీరల దుకాణాలు, నగల దుకాణాలు, నిమ్స్ ఆసుపత్రి. ఫీజు కట్టడానికీ, పెళ్లి కొనుగోళ్లకీ, ఆపరేషనుకీ జిల్లాల నుంచి డబ్బు కొంగున ముడేసుకుని వచ్చేవాళ్లు దిగేది ఇక్కడే. ఎన్నికల పటంలో అమీర్‌పేట సనత్‌నగర్ నియోజకవర్గంలోకి, పంజాగుట్ట ఖైరతాబాద్ లోకి వస్తాయి. నడిచిపోయే దూరంలో రెండు నియోజకవర్గాలన్నమాట. నియమావళి అమల్లోకి రాగానే రెంటికీ వేరువేరుగా తనిఖీ బృందాలు దిగుతాయి. 2023 అక్టోబరు 9న శాసనసభ ఎన్నికల షెడ్యూలు ప్రకటించారు, నవంబరు 30న పోలింగు జరిగింది. 2024 మే 13న మళ్లీ లోక్‌సభ పోలింగు. ఎనిమిది నెలల్లో రెండుసార్లు మన వీధులు చెక్‌పోస్టులయ్యాయి.

ఆ కాలంలో సొమ్ము పోగొట్టుకుని తిరిగిన స్త్రీలతో నేను మాట్లాడాను. ఇద్దరి సంగతి చెబుతాను. పేర్లు చెప్పను, ఏ స్టేషనో చెప్పను.

ఒకామె మెస్సు నడుపుతుంది. చిట్టీ పాడుకుని లక్షా ఎనభై వేలు ఎత్తింది. కూతురి ఫీజు కోసం మరిది ఆటోలో తీసుకుపోతుంటే ఆపారు. "ఇన్ని పైసలు నీ దగ్గర ఎట్లొచ్చినయమ్మా?" అని అడిగారట. చిట్టీ అంది. చిట్టీ కాగితం చూపమన్నారు. వీధి చిట్టీకి కాగితం ఎక్కడుంటుంది? నోటుబుక్కులో గీసిన గళ్లే దాని కాగితం, ఆ నోటుబుక్కు చిట్టీ నడిపే ఆమె ఇంట్లో వుంది. డబ్బు తీసుకున్నారు. రసీదులో మరిది పేరు రాశారు, ఆటో అతనిది కాబట్టి.

రెండో ఆమె నల్లగొండ జిల్లా నుంచి కూతురితో, అల్లుడితో కలిసి వచ్చింది. చిన్న కూతురి పెళ్లి. తన తల్లి పెట్టిన పాత బంగారం పన్నెండు తులాలు మార్చి కొత్త నగలు చేయించాలని తెచ్చుకుంది. పొలం కౌలు డబ్బూ అప్పూ కలిపి నాలుగు లక్షలు కూడా వెంట వున్నాయి. అల్లుడి కారు. కారు ఆపారు. పన్నెండు తులాలకి బిల్లు అడిగారు. ఆమె తల్లికి ఆ బంగారం పెట్టింది ఆమె తల్లి. బంగారం, నగదు కలిపి లెక్కకట్టి, మొత్తం పది లక్షలు దాటిందని ఆదాయపు పన్ను శాఖకు అప్పజెప్పారు. పంచనామా అల్లుడి పేరు మీద తయారైంది. నెలల తర్వాత సొత్తు విడుదలయింది. ఎవరి దగ్గర నుంచి తీసుకున్నట్టు కాగితంలో వుందో వారికే ఇస్తారు కదా, అల్లుడికే ఇచ్చారు. ఆ బంగారం ఇప్పుడు అల్లుడి తల్లి బీరువాలో వుంది. "అడిగితే పెద్దపిల్ల సంసారం ఏమైతదో అని అడగలే" అంది ఆమె.

ఇందులో దొంగతనం ఎవరూ చేయలేదు. లంచం కూడా ఎవరూ తీసుకోలేదు. పోలీసులు తనిఖీ చేశారు, రాష్ట్ర శాఖ కేంద్ర శాఖకు అప్పగించింది, కేంద్ర శాఖ విచారించి విడుదల చేసింది. అన్నీ కాగితాల మీదే జరిగాయి. ఆ దారిలో ఎక్కడో మూడు తరాల స్త్రీల సొత్తు ఒక మగవాడిదై పోయింది.

చట్టం ఏం చెబుతోందో చూద్దాం. ఏదైనా నేరం జరిగిందన్న అనుమానానికి తావిచ్చే ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 102వ సెక్షన్ కింద వుండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 106. స్వాధీనం చేసుకున్న వెంటనే మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. వెంట డబ్బు వుండడం నేరం కాదు. ఈ మాట అందరికీ తెలుసు, చెక్‌పోస్టు దగ్గర మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఎన్నికల సంఘం 2015 మే నెలలో ఇచ్చిన నిర్దేశాలు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. యాభై వేల పరిమితి అని మనం భయపడే నిబంధన అభ్యర్థినో, ఏజెంటునో, పార్టీ కార్యకర్తనో తీసుకుపోయే వాహనానికీ, ప్రచార సామగ్రి వున్న వాహనానికీ సంబంధించింది. పది లక్షలకు పైగా నగదు దొరికినా, నేరం గురించిన అనుమానంగానీ అభ్యర్థితో, పార్టీతో సంబంధంగానీ లేకపోతే చెక్‌పోస్టు బృందం దాన్ని స్వాధీనం చేసుకోకూడదు, ఆదాయపు పన్ను శాఖకు కబురు చేయాలి, అంతే. మహిళా అధికారి లేకుండా స్త్రీల పర్సు తెరవకూడదని కూడా అందులో వుంది. జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ వుండాలి. అది ఎవరూ అర్జీ పెట్టకపోయినా ప్రతి స్వాధీనాన్నీ తనకు తానుగా పరిశీలించాలి. ఎఫ్.ఐ.ఆర్. లేకపోతే, పోలింగు జరిగిన ఏడు రోజులకు మించి ఏ సొత్తూ మాల్‌ఖానాలోగానీ ట్రెజరీలోగానీ వుండకూడదు. నేను మాట్లాడిన స్త్రీలలో ఒక్కరికి కూడా ఈ కమిటీ వుందని ఎవరూ చెప్పలేదు.

ఇక అప్పగింత సంగతి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 1975 అక్టోబరు నుంచి 132ఏ అనే సెక్షన్ వచ్చి చేరింది. మరో శాఖ చేతిలో వున్న సొమ్మును తమకిమ్మని పన్ను శాఖ కోరే అధికారం అది. 2025లో పార్లమెంటు చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ ఈ అధికారాన్ని అట్టేపెట్టారు. అయితే 132ఏ కింద అడగాలంటే పన్ను శాఖలోని పై అధికారి, చూపించని ఆదాయం అని నమ్మడానికి కారణాలుండి, ఉత్తర్వు ఇవ్వాలి. స్టేషన్ నుంచి ఒక ఫోను చేసి "వచ్చి పట్టుకుపొండి" అంటే సరిపోదు. పైగా ఆ అధికారి వెంటనే ఇవ్వాలని కూడా సెక్షన్ చెప్పలేదు. వెంటనే, లేదా తన దగ్గర వుంచుకోవలసిన అవసరం తీరిందని తాను భావించినప్పుడు ఇవ్వవచ్చు. ఈ సందు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

అసలు చిక్కు ఆ చట్టంలోనే ఇంకో చోట వుంది. ఎవరి స్వాధీనంలో దొరికితే అది వారిదేనని ఊహించవచ్చునని 292సి సెక్షన్ చెబుతుంది. 132ఏ కింద తీసుకున్న వాటికీ ఇది వర్తిస్తుంది. "స్వాధీనం" అనే మాటకి పంచనామాయే సాక్ష్యం. పంచనామా రాసే కానిస్టేబుల్‌కి వాహనం నడిపేవాడే ఆ ఇంటి యజమాని. వెనక సీట్లో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి, మనిషిగా లెక్కకు రాదు. అట్లా రోడ్డు పక్కన అయిదు నిమిషాల్లో నింపిన ఒక గడి పన్నెండు తులాల యాజమాన్యాన్ని నిర్ణయించేసింది.

స్త్రీల ఆస్తి కాగితం మీద వుండదు. ఇది మనకు కొత్త విషయం కాదు. పుట్టింటి బంగారానికి బిల్లు వుండదు, చిట్టీకి రసీదు వుండదు, బియ్యం డబ్బాలో దాచిన నోట్లకి ఖాతా వుండదు. భర్తకు తెలియకుండా దాచుకున్న డబ్బయితే కాగితం లేకపోవడమే దానికి రక్షణ. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దు చేసినప్పుడు ఆ డబ్బాలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. గృహిణులు రెండున్నర లక్షల వరకు జమ చేసుకుంటే ప్రశ్నించబోమని అప్పట్లో కేంద్రం చెప్పింది. అయినా నోటీసులు వచ్చాయి. 2021లో ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆగ్రా బెంచి ఒక గృహిణి కేసులో ఆ జమను ఆమె ఆదాయంగా లెక్కించరాదని తీర్పునిచ్చింది. ఇంటిపని చేసే స్త్రీ పొదుపు చేయగలదని ఒక ట్రిబ్యునల్ రాతపూర్వకంగా ఒప్పుకోవలసి వచ్చింది, మన దేశంలో!

ఇంతకంటే ఆసక్తికరమైనది 1994 మే 11 నాటి ఒక ఉత్తర్వు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు తన అధికారులకు ఇచ్చిన 1916వ నెంబరు ఆదేశం. సోదా జరిగే ఇంట్లో పెళ్లయిన స్త్రీకి 500 గ్రాములు, పెళ్లికాని స్త్రీకి 250 గ్రాములు, పురుషుడికి 100 గ్రాముల బంగారు నగల వరకు స్వాధీనం చేసుకోవద్దని అది చెబుతుంది. పెళ్లయితే అయిదొందలు, కాకపోతే రెండొందల యాభై అనే తేడా మీద నాకు వేరే తగాదా వుంది, అది మరోసారి. కానీ ఒక కేంద్ర శాఖ స్త్రీల బంగారం దగ్గర తన చేతులు తానే కట్టుకుంది. ఆ నల్లగొండ ఆమె ఇంటికే ఆదాయపు పన్ను అధికారులు సోదాకు వెళ్లివుంటే పన్నెండు తులాలు, అంటే సుమారు నూట నలభై గ్రాములు, ఈ లెక్క ప్రకారం ఆమెకే వదిలెయ్యాలి. అదే బంగారాన్ని రాష్ట్ర పోలీసు రోడ్డు మీద పట్టుకుని అదే శాఖకు అప్పగిస్తే ఆ రక్షణ ఆమెకు అందలేదు. ఎందుకంటే రాష్ట్ర పోలీసు చేతులు ఎవరూ కట్టలేదు.

అమెరికాలో ఈ తగాదా చాలాకాలంగా నడుస్తోంది. అక్కడ నేరం రుజువు కాకుండానే సొత్తును జప్తు చేసుకునే పద్ధతి వుంది. కొన్ని రాష్ట్రాలు దాన్ని కట్టుదిట్టం చేస్తే, స్థానిక పోలీసులు ఆ సొత్తును కేంద్ర సంస్థలకు అప్పగించి కేంద్ర చట్టం కింద జప్తు చేయించడం మొదలుపెట్టారు. 1984 చట్టం తర్వాత అందులో ఎనభై శాతం దాకా ఆ పోలీసుశాఖకే తిరిగివచ్చే ఏర్పాటు వుంది. దీనికి "న్యాయమైన పంపకం" అని పేరు పెట్టారు, పేర్లు పెట్టడంలో ప్రభుత్వాలన్నీ ఒకటే. ఈ దొడ్డిదారిని మూయడానికి రాష్ట్రాలు చట్టాలు చేశాయి. న్యూమెక్సికో 2015లో ఆ జప్తు పద్ధతినే రద్దుచేసింది. కాలిఫోర్నియా 2016లో నలభై వేల డాలర్ల లోపు నగదు విషయంలో, శిక్ష పడితే తప్ప కేంద్రం ఇచ్చే వాటా పోలీసులు తీసుకోవడానికి వీల్లేదంది. చిన్న మొత్తాలను కాపాడాలన్నదే అక్కడి ఆలోచన, ఎందుకంటే వకీలును పెట్టుకోలేనివాళ్ల దగ్గర దొరికేవి చిన్న మొత్తాలే.

మన దగ్గర పోలీసులకు అట్లాంటి వాటా లేదు. అక్కడ అప్పగించేది లాభం కోసం, ఇక్కడ అప్పగించేది వదిలించుకోవడానికి. మాల్‌ఖానాలో బంగారం వుంటే పోతుందేమోనన్న భయం, పోతే ఎవరు కట్టాలన్న భయం. ఆ భయం వట్టిది కాదు. 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన బసవ్వ కేసు వుంది. మైసూరు రాష్ట్రంలో ఒక స్త్రీ ఇంట్లో దొంగతనం జరిగింది, సొత్తు దొరికింది, కోర్టు దాన్ని పోలీసుల దగ్గర వుంచింది, అక్కడ మళ్లీ పోయింది. కింది కోర్టూ హైకోర్టూ ఆమెకు ఏమీ ఇవ్వలేదు. ప్రభుత్వం తన సంరక్షణలో వున్న సొత్తుకు జవాబుదారీ అనీ, సొత్తు లేకపోతే దాని విలువ చెల్లించాలనీ సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో, విలువైన వస్తువులకు వివరంగా పంచనామా రాసి, ఫొటోలు తీసి, పూచీకత్తు తీసుకుని సొంతదారుకు ఇచ్చేయాలనీ, స్టేషన్లో పదిహేను రోజులు, మహా అయితే నెలకు మించి వుంచవద్దనీ అంది. ఈ ఫొటోల పద్ధతిని కొత్త సంహితలో 497వ సెక్షన్‌గా చట్టంలోకే తెచ్చారు. పధ్నాలుగు రోజుల్లో వివరాల పట్టిక, పట్టిక అయ్యాక ముప్పై రోజుల్లో ఆ సొత్తును ఏం చేయాలో ఉత్తర్వు. మంచిదే. కానీ ఇదంతా సొత్తు కోర్టుకు చేరితే వచ్చే హక్కు. స్టేషన్ నుంచి నేరుగా పన్ను శాఖకు వెళ్లిపోయిన సొత్తును ఏ మేజిస్ట్రేటూ చూడడు. "అది నాది" అని ఆమె చెప్పుకోవడానికి ఒక చోటంటూ వుండదు.

పన్ను ఎగవేసేవాళ్లకూ ఓట్లు కొనేవాళ్లకూ ఇది ఉపయోగపడదా అని మీరు అడగవచ్చు. ఈ తనిఖీల వెనక మన ఒత్తిడి కూడా వుంది. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం నాటి నుంచీ మద్యం పంచవద్దని, డబ్బు పంచవద్దని అడుగుతున్నది మనమే. నేను తనిఖీలు వద్దనడం లేదు. ఓట్లు కొనే డబ్బు సంచీలో, కొంగున, ఆటోలో వస్తుందని నేను నమ్మను, అంతే.

రాష్ట్రం ఏం చేయగలదు? ఆదాయపు పన్ను కేంద్ర జాబితాలోది. పన్ను శాఖ చట్టప్రకారం అడిగితే రాష్ట్రం ఇవ్వననలేదు. కానీ పోలీసు రాష్ట్ర జాబితాలోది. తన పోలీసు ఎప్పుడు, ఏ కాగితం చూసి, ఎవరికి చెప్పి అప్పగించాలో రాష్ట్రం ఒక సర్క్యులర్‌తో నిర్ణయించవచ్చు. ఇందాక సందు అన్నానే, "వుంచుకోవలసిన అవసరం తీరిందని భావించినప్పుడు" అనే మాట, అది ఇందుకు సరిపోతుంది. రాష్ట్రాలకు ఈ పని చేతకాదనుకోవద్దు. సి.బి.ఐ.కి ఇచ్చిన సాధారణ సమ్మతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018 నవంబరులో వెనక్కి తీసుకుంది, 2019లో ప్రభుత్వం మారాక మళ్లీ ఇచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2022 ఆగస్టు 30న వెనక్కి తీసుకుంది. నాయకుల ఇళ్ల మీదికి కేంద్ర సంస్థ వస్తుందనుకున్నప్పుడు ఫెడరల్ స్ఫూర్తి ఒక్క జీవోతో మేల్కొంటుంది. మెస్సు నడిపే ఆమె లక్షా ఎనభై వేల దగ్గర అది ఎందుకు నిద్రపోవాలి?

కేంద్రం చేతికి పోయింది రాష్ట్రానికి తిరిగిరావడం అసాధ్యమేమీ కాదు. అగ్రిగోల్డ్ చూడండి. అందులో దాచుకున్నవాళ్లలో, పక్కింటివాళ్ల చేత దాయించి ఇవాళ్టికీ మాటలు పడుతున్న ఏజెంట్లలో ఎంతమంది స్త్రీలున్నారో మీ వూళ్లలో మీకు తెలుసు. సుమారు 32 లక్షల ఖాతాలు. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో కేసులు మొదలయ్యాయి. 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం కింద సి.ఐ.డి. ఆస్తులను జప్తు చేసింది. తర్వాత ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ మనీలాండరింగ్ చట్టం కింద జప్తు చేసింది. ఆ చట్టం కింద చివరికి జప్తు ఖాయమైన ఆస్తి కేంద్ర ప్రభుత్వపరం అవుతుంది, నష్టపోయినవారికి తిరిగి ఇచ్చే వీలు 8వ సెక్షన్‌లో విడిగా వుంది. ఆ వీలును ఉపయోగించి 2025 ఫిబ్రవరిలో, జప్తునాటి విలువ ప్రకారం 3,339 కోట్ల ఆస్తులను డిపాజిటర్ల కోసం రాష్ట్రానికి తిరిగి ఇచ్చారు. ఇందుకు పదేళ్లు పట్టింది. అది కూడా లక్షలమంది ఒక సంఘంగా రోడ్డెక్కితే. చెక్‌పోస్టు దగ్గర పోగొట్టుకున్న స్త్రీ ఒక్కతే వుంటుంది.

కనుక మనం అడగవలసింది నాలుగైదు చిన్న విషయాలు. పంచనామాలో వాహనం ఎవరిదన్న గడి వేరు, సొత్తు ఎవరిదని చెప్పారన్న గడి వేరు వుండాలి, స్త్రీ తనదని చెబితే ఆమె పేరే రాసి, ఆమె సంతకంతో ఆమెకొక ప్రతి ఇవ్వాలి. 1994 నాటి ఆ అయిదొందల గ్రాముల లెక్కను రాష్ట్ర పోలీసుకూ వర్తింపజేయాలి. మేజిస్ట్రేటుకు తెలియజేయకుండా, ఆమెకు రాతపూర్వకంగా చెప్పకుండా ఏ కేంద్ర శాఖకూ అప్పగించకూడదు. ముగ్గురు అధికారుల కమిటీ ఫోను నెంబరు ప్రతి చెక్‌పోస్టు దగ్గరా తెలుగులో, ఉర్దూలో రాసిపెట్టాలి.

బంగారం విషయంలో చట్టం మన వైపే వుంది. స్త్రీధనం పూర్తిగా స్త్రీదేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 ఆగస్టులో మన తెలంగాణ నుంచే వెళ్లిన కేసులో, కూతురు అధికారం ఇవ్వకపోతే కన్నతండ్రికైనా ఆమె స్త్రీధనం అడిగే హక్కు లేదంది. తండ్రికే లేని హక్కు డ్రైవరు సీట్లో కూర్చున్నందుకు అల్లుడికి ఎట్లా వస్తుంది?

ఇక మీరు చేయగలిగింది. ఎవరైనా ఇట్లాంటి సమస్యతో మీ దగ్గరికి వస్తే మొట్టమొదట రసీదు అడిగి అందులో పేరు చూడండి. వేరే పేరుంటే అదే రోజు స్టేషన్‌లోనూ, జిల్లా ఎన్నికల అధికారి దగ్గరా ఆమె సంతకంతో "ఆ సొత్తు నాది" అని అర్జీ ఇప్పించి, అందినట్టు ముద్ర వేయించుకోండి. పన్ను శాఖకు పోయిందంటే, 1961 చట్టం ప్రకారం స్వాధీనమైన నెల చివరి నుంచి ముప్పై రోజుల్లోగా ఆ డబ్బు ఎట్లా వచ్చిందో వివరిస్తూ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తు కూడా ఆమె పేరు మీదే పెట్టించండి, ఇంట్లోవాళ్లు "మేం చూసుకుంటాం లే" అన్నా సరే. చిట్టీ నడిపే ఆమె నోటుబుక్కు పేజీకి ఫొటో తీసి, అదే చిట్టీలో వున్న మరో ఇద్దరు స్త్రీల చేత సాక్ష్యం రాయించి జతచేయండి. మెస్సు ఆమె విషయంలో మేం అట్లాగే చేశాం. కమిటీ ముందు ఆ నోటుబుక్కు పెట్టాం. డబ్బు ఆమె చేతికే వచ్చింది, ఫీజు గడువు మాత్రం దాటిపోయింది.